గీత మాది, మనిషి పరాయి

బర్మాలో ఒక మనిషి పూర్తి పౌరుడా కాదా అన్నది చాలావరకూ 1823 అనే అంకె తేలుస్తుంది. నే విన్ పార్టీ పాలనలో 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం ప్రకారం కచిన్, కయా, కరెన్, చిన్, బర్మన్, మోన్, రఖైన్, షాన్ లాంటి జాతులూ, 1823కి ముందునుంచీ ఈ నేల మీద స్థిరపడిన సమూహాలూ పుట్టుకతోనే పౌరులు. మిగతావాళ్లలో అర్హులైనవాళ్లకి రెండు కింది మెట్లున్నాయి. ఒకటి అనుబంధ పౌరుడు, ఇంకొకటి దరఖాస్తు పెట్టుకుని పౌరుడైనవాడు. మెట్టుకో రంగు కార్డు: గులాబీ, నీలం, ఆకుపచ్చ. ఏ సమూహం ఈ దేశపు జాతి, ఏది కాదు అని తేల్చే అధికారం మాత్రం ప్రభుత్వానిదే.

1823 ఎందుకు? 1824లో బ్రిటిష్ వాళ్లు బర్మాతో మొదటి యుద్ధానికి దిగారు కాబట్టి. తెల్లవాడు అడుగుపెట్టకముందు ఇక్కడున్నవాళ్లు మనవాళ్లు, అతని వెంట వచ్చినవాళ్లు కారు. అదీ లెక్క. వినడానికి న్యాయంగానే ఉంటుంది. వలస పాలన ఒక దౌర్జన్యం అయినప్పుడు, ఆ దౌర్జన్యం మొదలవకముందు రోజుకి గడియారాన్ని వెనక్కి తిప్పడంలో తప్పేముంది?

సరే, నిజంగానే తిప్పి చూద్దాం. 1823లో ఇవాళ్టి బర్మా పటమే లేదు. అస్సాం అప్పుడు బర్మా రాజు సైన్యాల చేతిలో ఉంది. షాన్ ప్రాంతాలు కప్పం కట్టే సంస్థానాలు. చిన్, కచిన్ కొండలు రాజు నేరుగా ఏలినవి కావు. ఇవన్నీ కలిపి ఒక దేశంగా అట్లాసులో కనిపించడం మూడు యుద్ధాల తర్వాత, చాలావరకూ బ్రిటిష్ సర్వేయర్ల పుణ్యాన జరిగింది. 1982 చట్టం ఆ హద్దుల జోలికి పోలేదు. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తీసుకుని, వాటి లోపల ఎవరెవరు 1823కి ముందువాళ్లో వెతకమంది. అంటే మనిషిని 1823లో నిలబెట్టి కొలిచింది, నేలని 1948లో నిలబెట్టి కొలిచింది.

ఈ రెండు కొలతల తేడా బర్మాకే పరిమితం కాదు. గత శతాబ్దంలో స్వతంత్రం వచ్చిన చాలా దేశాలు ఇదే పని చేశాయి. వలస పాలకుడు గీసిన గీతని తమదిగా ఉంచుకున్నాయి. అదే పాలకుడు, అదే అవసరం కోసం, అదే గీత లోపలికి తెచ్చిన మనిషిని మాత్రం పరాయివాడన్నాయి. గీత ఎంత కృత్రిమమో మనిషి రాక కూడా అంతే కృత్రిమం అనుకుంటే, ఒకటి పవిత్రం ఎలా అయింది, రెండోది మలినం ఎలా అయింది?

*

ఆ "మనిషి"ని కాస్త దగ్గరగా చూడాలంటే మనం దూరం వెళ్లక్కర్లేదు. కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసేచోట కోరంగి అని ఒకప్పుడు పెద్ద రేవు ఉండేది. బర్మాలో తెలుగువాళ్లందరికీ పేరు ఆ రేవు మీదుగానే వచ్చింది. శ్రీకాకుళం నుంచి వచ్చినా, విశాఖ నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా అక్కడ అందరూ "కోరంగీ"లే. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, ఓడెక్కి, రంగూన్ రేవులో దిగేవాళ్లు. రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, మరుగుదొడ్లు శుభ్రం చేయడం వాళ్ల వంతు. అడ్వాన్సు తీరేదాకా మేస్త్రి చెప్పిందే వేదం. 1931 జనగణన నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. బర్మా రాజధానిలో బర్మన్లు మైనారిటీ.

ఇక్కడ బర్మన్ల వైపు నుంచి కూడా చూడాలి. చూడకపోతే ఈ చర్చకి అర్థం లేదు. 1930ల మాంద్యంలో బియ్యం ధర కూలిపోయింది. అప్పు తీర్చలేని రైతుల పొలాలు చెట్టియార్ల చేతికి పోయాయి. 1930లో దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో ఆరు శాతం దాకా వాళ్ల చేతిలో ఉన్న భూమి, 1938 కల్లా దాదాపు పాతిక శాతానికి చేరింది. రైతు తన పొలంలోనే కౌలుదారు అయ్యాడు. ఊళ్లో పొలం పోయింది, పట్నంలో పని వేరేవాడి చేతిలో ఉంది, ఆఫీసులో గుమస్తా ఇంకో దేశం నుంచి వచ్చినవాడు. పైగా 1937 వరకూ బర్మా ఒక దేశం కూడా కాదు, బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. "మా దేశంలో మేమెక్కడ?" అని బర్మన్ యువకుడు అడిగితే అది జాత్యహంకారం అని కొట్టిపారేయలేం.

1930 మే నెలలో జరిగింది గుర్తు చేసుకోవాలి. రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు సమ్మె విరగ్గొట్టడానికి బర్మన్ కూలీల్ని పనిలో పెట్టుకున్నాయి. తర్వాత తెలుగువాళ్లతో రాజీ కుదిరింది. దాంతో బర్మన్లని పొమ్మన్నారు. పని మీద ఆశతో వచ్చినవాళ్లూ, పని తిరిగి దక్కినవాళ్లూ రేవులో ఎదురుపడ్డారు. గొడవ రేవు దాటి నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. ఓడల కంపెనీలకి మాత్రం ఏమీ కాలేదు.

బర్మాలో ఉద్యోగం చేసిన ఫర్నివాల్ అనే బ్రిటిష్ అధికారి వలస సమాజాల గురించి ఒక మాట చెప్పాడు. ఇక్కడ మనుషులు పక్కపక్కనే ఉంటారు గానీ కలవరు, వాళ్లు కలిసే చోటు బజారొక్కటే అని. 1930 మేలో రంగూన్ రేవు సరిగ్గా అదే. ఇద్దరు పేదవాళ్లు ఒకరికొకరు ధరగా మాత్రమే తెలుసు: నువ్వు ఎంతకి వస్తావు, నేను ఎంతకి వస్తాను. ఆ ధర నిర్ణయించినవాడు ఇద్దరికీ కనపడడు. ఆ తర్వాత ఏర్పడ్డ జాతీయ రాజ్యం ముందున్న అసలు పని, ఈ బజారుని ఒక సమాజంగా మార్చడం. అది కష్టమైన పని. ఇద్దరిలో ఒకణ్ణి ఓడెక్కించడం సులువైన పని.

*

మొదట్లో బర్మా కష్టమైన పనికే సిద్ధపడింది. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. 1947 రాజ్యాంగం జాతులకి పెద్దపీట వేసినా, బయటినుంచి వచ్చినవాళ్లకి తలుపు మూసేయలేదు. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో పుట్టి, యుద్ధానికి ముందు పదేళ్లలోగానీ స్వాతంత్ర్యానికి ముందు పదేళ్లలోగానీ ఎనిమిదేళ్లు బర్మాలో ఉండి, ఇక్కడే ఉంటానని చెప్పినవాళ్లు పౌరసత్వం కోరుకోవచ్చంది. కానీ ఒక హక్కు కాగితం మీద ఉండటం వేరు, మూటలు మోసేవాడి చేతికి అందడం వేరు. దరఖాస్తు పెట్టాలి, రుజువులు చూపాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు అడవుల్లో నడిచి అస్సాం వైపు పారిపోయారు. దారిలో వేలమంది చచ్చిపోయారు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చినవాడి దగ్గర ఏ కాగితం ఉంటుంది? చాలామంది దరఖాస్తే పెట్టుకోలేదు.

1962లో సైన్యం అధికారం తీసుకుంది. తర్వాత రెండేళ్లలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం అయ్యాయి. 1964లో పెద్ద నోట్లు చెల్లవన్నారు. పని పోయి, సరుకు పోయి, దాచుకున్న డబ్బు పోయి, లక్షలమంది ఓడలెక్కారు. వెంట తీసుకెళ్లే సొమ్ము మీద కఠినమైన పరిమితులు. అలా మన తీరాలకి చేరినవాళ్లకి తెలుగులో ఒక పేరుంది, కాందిశీకులు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. చాలా ఊళ్లలో బర్మా కాలనీలున్నాయి. అందులో చాలామంది బర్మాలో పుట్టినవాళ్లే. వాళ్లు "తిరిగి వచ్చారు" అని ప్రభుత్వ కాగితాలు రాశాయి. ఎప్పుడూ చూడని చోటికి తిరిగి రావడం ఎలాగో ఆ కాగితాలకే తెలియాలి.

1982 చట్టం ఈ కథకి చివర్లో వచ్చింది. అప్పటికి వెళ్లగొట్టాల్సినవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లని మెట్ల మీద సర్దడానికి ఆ చట్టం. దాని బరువు అందరికంటే ఎక్కువగా పడింది రోహింగ్యాల మీద. వాళ్ల పూర్వీకులు ఎప్పుడొచ్చారు అన్న చరిత్ర చర్చ ఇప్పటికీ నడుస్తోంది. 2017 ఆగస్టు తర్వాత సైన్యం ఊళ్లు తగలబెడుతుంటే ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. ఊరు తగలబడుతున్నప్పుడు 1823 గురించిన చర్చకి ఏం విలువ ఉంటుంది? అసలు ఆ చర్చని నైతిక ప్రశ్నగా ఒప్పుకోవడంలోనే మనం ఒక మెట్టు దిగిపోయాం అనిపిస్తుంది నాకు. ఎవరి ముత్తాత ఎప్పుడొచ్చాడన్నది చరిత్రకారులు తేల్చుకోవాల్సిన విషయం. ఇవాళ ఈ పిల్ల బడికి వెళ్లొచ్చా లేదా అన్నది దానిమీద ఆధారపడకూడదు.

*

బర్మాలో తేదీ చేసిన పని సిలోన్‌లో రుజువు చేసింది.

1948 ఫిబ్రవరిలో స్వతంత్రం వచ్చింది. అదే ఏడాది చివర్లో పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. సిలోన్‌లో పుట్టినంత మాత్రాన పౌరుడివి కావంది ఆ చట్టం. నీ తండ్రి కూడా ఇక్కడే పుట్టి ఉండాలి, లేదా తాతా ముత్తాతా ఇక్కడ పుట్టి ఉండాలి. చదివితే అందరికీ ఒకే రూలు. కొండల మీద తేయాకు తోటల్లో పనిచేసే తమిళ కూలీ లయన్ల గదిలో పుట్టాడు, వాళ్ల నాన్న కూడా అలాంటి గదిలోనే పుట్టాడు. ఆ పుట్టుక ఏ రిజిస్టర్లో ఉంటుంది? ఊళ్లో ఇల్లూ పొలమూ ఉన్నవాణ్ణి ఎవరూ అడగరు, అతన్ని చూస్తే చాలు. అడిగేది తోట కూలీనే. ఒకే రూలు ఇద్దరి మీద రెండు రకాలుగా పనిచేసింది.

దీని వెనక రాజకీయ లెక్క కూడా ఉంది. 1947 ఎన్నికల్లో తోట కూలీలు తమ ప్రతినిధుల్ని గెలిపించుకున్నారు. ఇంకొన్ని చోట్ల వామపక్షాల గెలుపుకి సాయపడ్డారు. పౌరసత్వం పోయాక, 1949లో ఓటు కూడా పోయింది. ఐవర్ జెన్నింగ్స్ అనే న్యాయ పండితుడు ప్రధాని సేనానాయకేకి రాజ్యాంగ సలహాదారు. స్వయం నిర్ణయాధికారం గురించి తర్వాత ఆయన రాసిన ఒక మాట ఇప్పటికీ పుస్తకాల్లో తిరుగుతుంది. ప్రజలు నిర్ణయించుకోవాలి అనడం బాగానే ఉంటుంది, కానీ ప్రజలెవరో ముందు ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా, అన్నది దాని సారం. నిజమే. ఓటేసి తేల్చుకుందామంటే ఆ ఓటు ఎవరికుందో ముందు తేలాలి. సిలోన్ దాన్ని ఎలా తేల్చిందో చూడండి. ముందు అందరూ కలిసి ఓటేసి పార్లమెంటుని ఎన్నుకున్నారు. తర్వాత ఆ పార్లమెంటు తనని ఎన్నుకున్నవాళ్లలో కొందరు ప్రజలు కారంది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే.

తర్వాత పదహారేళ్లు ఆ జనం ఏ దేశానికీ చెందలేదు. రెంటికీ చెడ్డ రేవడి. 1964 అక్టోబర్ 30న శాస్త్రి, సిరిమావో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మొత్తం 9,75,000 మంది. అందులో 5,25,000 మందిని భారత్ తీసుకుంటుంది, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇస్తుంది. మిగిలిన 1,50,000 సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. పదేళ్ల తర్వాత చూశారు, చెరి సగం. సంఖ్యలు గుండ్రంగా ఎలా ఉన్నాయో గమనించండి. వాటిలో ఒక్క మనిషైనా నేను ఎటు వెళ్తాను అని చెప్పినట్టు కనపడదు. మనం సిలోన్‌ని తప్పుపట్టే ముందు ఒప్పుకోవాల్సింది ఇది. ఆ సంతకాల్లో ఒకటి మనది.

హన్నా ఆరెంట్ రెండో ప్రపంచయుద్ధం తర్వాత, దేశం లేని మనుషుల్ని చూసి ఒక సంగతి గ్రహించింది. మానవ హక్కులు మనిషిగా పుడితే చాలు వస్తాయంటారు గానీ, ఏ రాజ్యానికీ చెందకపోతే ఆ హక్కుల్ని అడగడానికి ఒక కిటికీ కూడా ఉండదు. అన్ని హక్కులకంటే ముందు, ఏదో ఒక సమాజానికి చెంది ఉండే హక్కు ఒకటుంది. ఆమె చూసింది యూరప్‌ని. కానీ ఆ మాట కాండీ కొండల మీద ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. అక్కడి కూలీని రాజ్యం పోగొట్టుకోలేదు. అతని శ్రమ ఎగుమతి అయ్యేది, దేశానికి డాలర్లు వచ్చేవి, ఆ డబ్బుతో కొత్త రాజ్యం బడులు కట్టేది, ఆస్పత్రులు కట్టేది. రాజ్య నిర్మాణంలో అతను ఉన్నాడు. రాజ్యంలో లేడు.

*

ఇప్పుడు అవతలి వాదన సూటిగా విందాం. "సామ్రాజ్యం తన లాభం కోసం మా ఇంట్లోకి లక్షలమందిని తోలింది. మమ్మల్ని అడిగిందా? స్వతంత్రం వచ్చాక కూడా ఆ నిర్ణయాన్ని మేం మోయాలంటే అది స్వతంత్రం ఎలా అవుతుంది?" ఫిజీలో ఈ వాదన ఇంకా పదునుగా ఉంటుంది. 1879 నుంచీ చెరకు తోటలకి ఒప్పంద కూలీలు వెళ్లారు. 1903 తర్వాత వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1940ల కల్లా భారతీయుల సంఖ్య మూలవాసుల్ని దాటింది. చిన్న దీవుల మీద తరతరాలుగా ఉన్న జనం, తమ నేల మీద తామే తక్కువవాళ్లం అవుతామని భయపడితే ఆ భయం అబద్ధం కాదు. 1987లో జరిగిన సైనిక కుట్రలు ఆ భయాన్ని వాడుకున్నాయి.

ఈ వాదనలో రెండు వేరు వేరు తగువులు ఒకే మాటలో కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఆస్తి మీద, అధికారం మీద తగువు. పొలం ఎవరిది, వడ్డీ ఎంత, రేవు ఎవరి చేతిలో ఉండాలి. ఇందులో వలస పాలన వల్ల నష్టపోయినవాడికి పూర్తి న్యాయం జరగాలి. 1948లోనే బర్మా భూమిని జాతీయం చేసే చట్టం తెచ్చింది. చెట్టియార్ పొలం రైతుకి పోవాలంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఫిజీలో ఎనభై శాతానికి పైగా భూమి మూలవాసుల తెగల చేతిలోనే ఉండటం కూడా సబబే. రెండోది ఉనికి మీద తగువు. ఈ మనిషి ఇక్కడ ఉండొచ్చా, ఇతని మాట లెక్కలోకి వస్తుందా అన్నది. మొదటి తగువులో ఎంత న్యాయం ఉన్నా దాంతో రెండోది గెలవలేం. నీ చేతిలో ఉన్నది నాదని నేను అనొచ్చు. నువ్వు నిలబడ్డ చోటే నీది కాదు అనాలంటే ఇంకేదో కావాలి.

అనుభవంలో జరిగిందేంటంటే, మొదటి తగువు పేరు చెప్పి రెండోది నడిపారు. డబ్బున్నవాళ్లలో చాలామందికి వెళ్లడానికి ఇంకో చోటు ఉంది. వెళ్లలేక మిగిలినవాడు పాకీ పనివాడు, తోట కూలీ, రేవు కూలీ. సామ్రాజ్యం మీద కోపం, సామ్రాజ్యం కింద అందరికంటే అడుగున ఉన్నవాడి మీద తీరింది.

పరాయివాడు, స్థానికుడు అన్న పేర్లు కూడా ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి. మహమూద్ మమ్దానీ ఈ ప్రశ్న మీద జీవితమంతా పనిచేశాడు. ఆయన కంపాలాలో పెరిగిన ఆసియన్. 1972లో ఈదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి ఆసియన్లని ఉగాండా నుంచి వెళ్లగొట్టినప్పుడు వెళ్లినవాళ్లలో ఒకడు. తనని వెళ్లగొట్టిన దేశం మీద నింద వేసి ఊరుకోకుండా, ఆయన వెనక్కి వెళ్లి వలస చట్టాన్ని చదివాడు. స్థానికుడికో చట్టం, వచ్చినవాడికో చట్టం, తెగకో పెద్ద, జాతికో హోదా అని జనాన్ని గదుల్లో పెట్టింది వలస ప్రభుత్వమే అన్నది ఆయన వాదన. స్వతంత్రం వచ్చాక గదుల తాళాలు చేతులు మారాయి గానీ గోడలు అలాగే ఉన్నాయి. 1823కి ముందుకి వెళ్తున్నాం అనుకున్న బర్మా, నిజానికి బ్రిటిష్ జనగణన గుమస్తా వేసిన గళ్లలోనే మనుషుల్ని నింపింది.

*

వేరే దారి లేదా? ఒకాయన ప్రయత్నించాడు. 1961 అక్టోబర్‌లో, స్వతంత్రానికి ఇంకా రెండు నెలలుందనగా, టాంగన్యీకా సభలో పౌరసత్వ బిల్లు చర్చకి వచ్చింది. పౌరసత్వం నల్లవాళ్లకే ఉండాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. జూలియస్ న్యెరేరే లేచి, ఒంటి రంగుని పౌరసత్వానికి కొలబద్ద చేస్తే మనం ఎదిరించిన దుర్మార్గాన్నే మనం చేసినట్టు అన్నాడు. బిల్లు పోతే ప్రభుత్వం దిగిపోతుందని కూడా చెప్పాడు. బిల్లు నెగ్గింది. మూడేళ్ల తర్వాత, 1964 జూలైలో కైరోలో ఆఫ్రికా దేశాల సమావేశం, స్వతంత్రం వచ్చేనాటికి ఉన్న సరిహద్దుల్ని గౌరవించాలని తీర్మానించింది. ఆ తీర్మానం వెనక కూడా న్యెరేరే ఉన్నాడు. ఆయన గీతనీ ఒప్పుకున్నాడు, గీత లోపలి మనుషుల్నీ ఒప్పుకున్నాడు. రెండూ అన్యాయంగానే వచ్చాయి, రెండింటితోనే మనం బతకాలి అన్నట్టుగా.

ఆయన కథ కూడా పూర్తి విజయం కాదు. 1971లో టాంజానియా అద్దె ఇళ్లని జాతీయం చేసినప్పుడు దెబ్బ ఎక్కువగా ఆసియన్ల మీద పడింది, చాలామంది వెళ్లిపోయారు. అయితే పైన చెప్పిన తేడా ఇక్కడ కనిపిస్తుంది. ఇళ్లు పోయాయి, పౌరసత్వం పోలేదు. బాధపడటానికీ, కోర్టుకి వెళ్లడానికీ, ఉండిపోవడానికీ చోటు మిగిలింది. నాకు న్యెరేరేతో ఇంకో చిక్కు కూడా ఉంది. రంగు బదులు ఆయన విధేయతని కొలబద్ద అన్నాడు. విధేయత మంచి మాటే. కానీ దాన్ని రుజువు చేసుకోమని ఎవర్ని అడుగుతాం? "సరైన" జాతిలో పుట్టినవాడు దేశాన్ని అమ్మేసినా పౌరుడే. రెండో రకంవాడు మాత్రం రోజూ జెండాకి నమస్కారం పెడుతూ ఉండాలి.

అందుకే నేను చిన్న నియమాల దగ్గర ఆగుతాను. మొదటిది: రాజ్యం తన వయసుకంటే పాత రుజువుని మనిషి దగ్గర అడగకూడదు. 1948లో పుట్టిన రాజ్యానికి 1823 గురించి అడిగే అర్హత లేదు. అది పుట్టిన రోజున దాని గీత లోపల ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్లందరూ దాని జనమే. గీతతో పాటు వచ్చిన ఆస్తీ అప్పూ అంతా వాళ్లే. తర్వాత వచ్చేవాళ్ల విషయంలో రాజ్యానికి కొంత ఎంపిక ఉంటుంది, దాన్ని కాదనను. అయినా వచ్చినవాడు ఇరవై ముప్పై ఏళ్లు ఇక్కడ పనిచేసి, పిల్లల్ని ఇక్కడ పెంచాక, ఆ ఎంపిక గడువు దాటిపోయిందనే అంటాను. రెండోది: రాజ్యం తను చేయని పనికి మనిషిని శిక్షించకూడదు. పుట్టుకలు నమోదు చేయాల్సింది ప్రభుత్వం. చేయకపోతే, సర్టిఫికెట్ లేకపోవడం ప్రభుత్వం లోపం గానీ మనిషి నేరం కాదు.

ఈ రెండో నియమం మన ఇంటి గుమ్మం దాకా వస్తుంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పటి నుంచి 1987 జూలై 1 దాకా భారత నేల మీద పుట్టినవాళ్లు, కొద్ది మినహాయింపులతో, భారత పౌరులే. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ నుంచి, ఆ రెండోవారు అక్రమంగా వచ్చినవాళ్లు కాకూడదన్నారు. నేల నుంచి రక్తం వైపు మెట్టు మెట్టుగా జరిగాం. అస్సాంలో 1971 మార్చి 24 తేదీ మన రాజ్యం కంటే పాతది కాదు, దాని వెనక అస్సామీల నిజమైన ఆందోళన ఉంది. మొదటి నియమం ప్రకారం ఆ తేదీని నేను తప్పుపట్టలేను. కానీ 2019 ఆగస్టు 31న వచ్చిన జాబితాలో 19,06,657 మంది పేర్లు లేవు. ఏటా వరదొచ్చి ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయే చోట, చదువు లేని ఆడమనిషిని, పెళ్లికి ముందు నువ్వు ఫలానా వాళ్ల కూతురివని కాగితం తెమ్మంటే, అది ప్రశ్న కాదు, జవాబే.

మనలో చాలామందికి ఈ విషయం ఇంకో వైపు నుంచి తెలుసు. 2025 జనవరి 20న ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకి అమెరికాలో పుట్టే పిల్లలు పుట్టుకతో పౌరులు కారని దాని సారాంశం. కోర్టులు దాన్ని ఆపాయి. ఆ వారం హైదరాబాద్‌లో, గుంటూరులో ఎన్ని ఇళ్లల్లో ఫోన్లు మోగి ఉంటాయో ఊహించొచ్చు. ఆ నేల మీద పుట్టిన బిడ్డ ఆ దేశపు బిడ్డే కదా, ఇన్నేళ్లు అక్కడ పనిచేసి పన్ను కట్టాం కదా అన్నారు అందరూ. సరైన మాట. రంగూన్ రేవులో కోరంగీ కూలీ కూడా ఇదే చెప్పి ఉండేవాడు, వినే కిటికీ ఉంటే. ఆ మాట డల్లాస్‌లో నిజమైతే బర్పేటలోనూ నిజం కావాలి. అక్కడ నేల హక్కు, ఇక్కడ రక్తం హక్కు అంటే అది నియమం కాదు, సౌకర్యం.

శ్రీలంక చివరికి 2003లో ఒక చట్టం చేసింది. 1964 అక్టోబర్ 30 నుంచీ దేశంలో ఉన్న భారత సంతతి వాళ్లూ వాళ్ల పిల్లలూ మామూలు పద్ధతిలో పౌరసత్వం తీసుకోవచ్చంది. పార్లమెంటులో పెద్ద గొడవేమీ లేకుండా నెగ్గింది. దేశం మునిగిపోలేదు, తోటలు తోటల్లానే ఉన్నాయి. 1948లో అసాధ్యం అనిపించిన పని 2003లో ఒక మామూలు బిల్లు. మధ్యలో యాభై అయిదేళ్లు గడిచాయి. ఆ మధ్యలో తమిళనాడుకీ, కొంతవరకు మన రాష్ట్రానికీ ఓడల్లో చేరినవాళ్లు మాత్రం, ఆ చట్టం వచ్చిందని తెలిసినా, తిరిగి వెళ్లడానికి ఎవరూ ఓడ పంపలేదు.